చింగ్ వంశాన్ని కూల్చింది ఎవరు?

చైనా విప్లవానికి నూరేళ్లు నిండిన 2011లో జాకీ చాన్ నటించిన ‘1911’ సినిమా వచ్చింది. ఆయన విప్లవ సేనాని హువాంగ్ షింగ్ వేషం కట్టగా, విన్‌స్టన్ చావ్, విప్లవ నేత సన్ యట్-సెన్‌గా కనిపిస్తాడు. తుపాకులకూ త్యాగాలకూ అందులో కొదవ లేదు. ఇలాంటి చిత్రాలు చూసినవాళ్ల మనసులో తరచుగా నాటుకుపోయే అభిప్రాయం ఒకటుంది: సన్ యట్-సెన్ సేనలు యుద్ధంలో గెలిచి చింగ్ చక్రవర్తిని గద్దె దించాయని. నిజానికి ఆ సేనలు బీజింగ్ పొలిమేర కూడా తొక్కలేదు. చింగ్ వంశాన్ని ముంచింది దాని ఉప్పు తిన్నవాళ్లే.

సన్ వర్గం లేపిన తిరుగుబాట్లు ఒకదాని తర్వాత ఒకటి విఫలమవుతూ వచ్చాయి. 1911 ఏప్రిల్ 27న గువాంగ్‌జౌలో హువాంగ్ షింగ్ నడిపినదీ అంతే. ఆయన కుడిచేతి వేళ్లు రెండు పోయాయి, 72 మంది మృతులను హువాంగ్‌హువాగాంగ్‌లో పూడ్చారు. అక్టోబరులో నిప్పంటుకున్నది మాత్రం ప్రభుత్వ సైన్యంలోనే. 9వ తేదీన హాంకౌలోని రష్యన్ల స్థావరంలో విప్లవకారులు తయారుచేస్తున్న బాంబు పొరపాటున పేలింది. సోదాల్లో సభ్యుల జాబితా పోలీసుల చేతికి చిక్కింది. మర్నాడు పొద్దున్నే ముగ్గురి తలలు తెగాయి. ఆ జాబితాలో పేరున్న సిపాయికి తిరగబడటం ఒక్కటే దారి. ఆ రాత్రే వూచాంగ్‌లోని ఇంజినీరింగ్ దళం ఆయుధాగారాన్ని పట్టుకుంది. అప్పుడు అమెరికాలో ఉన్న సన్‌కు ఈ కబురు డెన్వర్‌లో, పత్రికలో కనిపించింది. వూచాంగ్‌లో నాయకుడు కరువై, విప్లవంతో ఏ సంబంధమూ లేని లీ యువాన్‌హాంగ్ అనే సైనికాధికారిని బలవంతాన కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన మంచం కింద దాక్కున్నాడన్న కథ నమ్మినా నమ్మకపోయినా, ప్రకటన మీద ఆయన పేరు వేరొకరు రాయాల్సి వచ్చింది.

అయితే ఇదంతా కాకతాళీయమేనా అని అడగొచ్చు. బాంబు మార్చింది ముహూర్తాన్నే. పేరుకు ‘సాహిత్య సంఘం’ అని పెట్టుకున్న రహస్య సంస్థ అప్పటికే వూచాంగ్ ఉన్న హుబేయ్ రాష్ట్రపు సిపాయిల్లో వేళ్లూనుకుంది. ఆ ఏడాది మేలో ప్రభుత్వం రైలుమార్గాలను జాతీయం చేసి, విదేశీ బ్యాంకుల అప్పుకు ముడిపెట్టింది. వాటాలు కొన్న సిచువాన్ జనం భగ్గుమన్నారు. వాళ్లను అణచడానికి హుబేయ్ దళాలను పంపడంతో వూచాంగ్‌లో కాపలా పలచబడింది. ఆపైన జరిగింది మరీ విచిత్రం. యుద్ధంలో గెలుస్తూ వచ్చింది చింగ్ సైన్యమే: హాంకౌ తిరిగి పట్టుకుంది, నవంబరు 27న హాన్‌యాంగ్ కూడా పట్టుకుంది. అయినా రాష్ట్రాలు వరసగా చేజారాయి. 1909లో చింగ్ ప్రభుత్వమే పెట్టించిన రాష్ట్ర సభల పెద్దలు, స్థానిక సేనానులు స్వతంత్రం ప్రకటించేశారు. రణరంగంలో గెలుస్తూ రాజ్యం పోగొట్టుకోవడమంటే ఇదే.

మరి సన్ పాత్ర ఏమీ లేదా? ఉంది. గణతంత్రమన్న మాటకు ఏళ్ల తరబడి ప్రచారం, నిధులు సమకూర్చిన మనిషి ఆయన. అందుకే డిసెంబరులో తిరిగొచ్చిన వారంలోపే తాత్కాలిక అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. కానీ సైన్యం యువాన్ షికాయ్ చేతిలో ఉంది. ప్రధానిగా చింగ్ కొలువు చేస్తూనే ఆయన రెండు వైపులా బేరమాడాడు. చక్రవర్తిని దించితే పదవి ఇచ్చేస్తానని సన్ ఒప్పుకున్నాడు. 1912 జనవరి 26న నలభైమందికి పైగా చింగ్ సేనానులు గణతంత్రం కావాలని తంతి కొట్టారు. ఫిబ్రవరి 12న రాజమాత లాంగ్‌యూ పదవీత్యాగ ప్రకటన వెలువరించింది. దీన్ని బట్టి రక్తం చిందలేదనుకోవడం మరో అపోహ: షీఆన్‌లో చింగ్ పాలకుల జాతివారైన మంచూలను పెద్ద సంఖ్యలో ఊచకోత కోశారు. అదే మంచూ వంశపు ఆరేళ్ల చక్రవర్తి పుయీకి మాత్రం బిరుదూ, సాలీనా 40 లక్షల భరణమూ ఒప్పందంలో దక్కాయి. 1924 నవంబరులో ఫెంగ్ యూషియాంగ్ మనుషులు వెళ్లగొట్టేదాకా ఆయన రాజమందిరంలోనే ఉన్నాడు.