మంచం పక్కన నిలబడే మనిషి ఆరోగ్యం



మా హోసూరు ప్రాంతం నుంచి తెల్లవారకముందే బెంగళూరు బస్సెక్కే ఆడవాళ్లలో కొందరు ఫ్యాక్టరీలకు పోతారు, కొందరు ఇళ్లల్లో వంటకు, అంట్లకు పోతారు. ఈమధ్య మరో పనికి పోయేవాళ్లు కూడా ఎక్కువయ్యారు. మంచం పట్టిన ముసలివాళ్లకు, పక్షవాతం వచ్చినవాళ్లకు, మతిమరుపు జబ్బున్నవాళ్లకు పగలూ రాత్రీ తోడుండే పని అది. కొందరు ఆయా అంటారు, కొందరు అటెండర్ అంటారు. తినిపించడం, ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం, పక్కకు తిప్పడం, లేపి కూర్చోబెట్టడం వాళ్ల వంతు. ఈ పని చేసేవారి ఆరోగ్యం గురించి ఈవేళ మాట్లాడుకుందాం.

నేను పాఠం చెప్పే తరగతిలో ఒక పాప రోజూ ఆలస్యంగా వచ్చేది. అడిగితే, ‘అమ్మ రాత్రి డ్యూటీ చేసి వస్తుంది, వంగలేదు, వంట నేనే చేసి వస్తాను’ అంది. తర్వాత ఆ తల్లే బడికి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేక, నడుము పట్టుకుని నిలబడే మాట్లాడింది. ‘ఏం చేసేది టీచరమ్మా, ఆ ముసలామెను నేను తిప్పకపోతే పడక పుండ్లు పడతాయి కదా’ అంది.

ఆమె మాట నిజమే. కదలలేని రోగిని సాధారణంగా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలంటారు. రాత్రి పన్నెండు గంటల డ్యూటీలో అది ఆరుసార్లు. అయితే తిప్పడం వేరు, ఎత్తడం వేరు. నడుములు పోయేది ఎక్కువగా ఎత్తడం వల్ల. 2007లో అమెరికాలో థామస్ వాటర్స్ అనే పరిశోధకుడు లెక్క కట్టి, రోగిని చేతులతో ఎత్తేటప్పుడు అన్నీ అనుకూలంగా ఉన్నా ఒక మనిషి మీద సుమారు 16 కిలోలకు మించి బరువు పడకూడదని చెప్పాడు. మన ఇంటికి తెచ్చుకునే బియ్యం మూటే 25 కిలోలు. ఇక 60 కిలోల మనిషిని ఒంటరిగా ఎత్తితే నడుము ఎలా నిలుస్తుంది?

అందుకని మొదటి సూత్రం: ఎత్తకండి, జరపండి. గట్టి దుప్పటిని మడిచి, రోగి భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా కింద పరచండి. రోగిని పైకి జరపాలంటే ఇంట్లో మరొకరిని పిలవండి. చెరో పక్కన నిలబడి, దుప్పటి అంచును రోగి ఒంటి దాకా చుట్టి పట్టుకుని, ఒకటి, రెండు, మూడు అని ఇద్దరూ ఒకేసారి జరపాలి. కాళ్లు ఎడంగా ఉంచి, మోకాళ్లు కాస్త వంచితే బరువు నడుము మీద కాకుండా తొడల మీద పడుతుంది.

ఒంటరిగా పక్కకు తిప్పాలంటే, మీకు దూరంగా ఉన్న రోగి మోకాలిని మడవండి. అవతలి చేతిని ఛాతీ మీదికి తెచ్చి, భుజమూ తుంటీ పట్టుకుని మీవైపుకు దొర్లించండి. లేపి కూర్చోబెట్టేటప్పుడు ముందు పక్కకు తిప్పి, కాళ్లు మంచం కిందికి దించితే, ఆ కాళ్ల బరువే పైభాగం లేవడానికి సాయపడుతుంది. రోగిని మీ మెడ పట్టుకోనివ్వకండి. జారి పడిపోతుంటే మొత్తం బరువు ఆపబోకుండా, తల కాపాడుతూ మెల్లగా నేలకు దించి, మనుషుల్ని పిలవండి. నడుము నొప్పితోపాటు కాలు మొద్దుబారినా, మూత్రం మీద పట్టు తప్పినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

రెండోది సూదుల సంగతి. ఇన్సులిన్ వేసిన సూదికి మళ్లీ మూత పెట్టబోయి వేలికి గుచ్చుకునేవారు ఉన్నారు. వాడిన సూదిని మూత పెట్టకుండా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేయాలి. గుచ్చుకుంటే వేలిని పిండవద్దు, నోట్లో పెట్టుకోవద్దు. పారే నీటి కింద సబ్బుతో కడిగి, వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. హెచ్.ఐ.వి. రాకుండా ఇచ్చే మందు రెండు గంటల్లోపు మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటకూడదు. అవసరమైతే 28 రోజులు వాడాలి. హెపటైటిస్-బి టీకా ముందే వేయించుకోవడం మంచిది. మొదటిది వేయించుకున్న నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. చేతులకు గ్లవుజులు వేసుకున్నా, తీశాక సబ్బుతో కడుక్కోవడం మానరాదు.

మూడోది మనసు. దీని గురించి ఎవరూ అడగరు. మతిమరుపు జబ్బున్న పెద్దాయన తిడతాడు, గిల్లుతాడు, ఒక్కోసారి చెయ్యి చేసుకుంటాడు. అది జబ్బు లక్షణమే తప్ప మీ తప్పు కాదు. ఎదురు వాదించకుండా రెండడుగులు వెనక్కి వేసి, కాసేపాగి మళ్లీ పలకరించండి. జరిగింది ఇంటివారికి చెప్పండి. ఇక ఏళ్ల తరబడి సేవ చేసిన మనిషి కన్ను మూస్తే ఇంట్లోవాళ్లను అందరూ ఓదారుస్తారు. ఆయా మాత్రం సంచి సర్దుకుని మర్నాడే మరో ఇంటికి పోవాలి. ఆ దుఃఖమూ దుఃఖమే.

రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోయినా, ఏ పనిమీదా మనసు నిలవకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి-మానస్ సేవ. పైసా ఖర్చు లేదు, రాత్రయినా పలుకుతారు. మనవంటి సరిహద్దువాసులకు మరో సౌకర్యం ఏమంటే, ఏ రాష్ట్రంలో ఉన్నా తెలుగును ఎంచుకోవచ్చు. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ కూడా ఉన్నాయి. పనిచేసే ఇంట్లో మగవాడెవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే, 2013 చట్టం ప్రకారం ఆ ఇల్లు కూడా పనిచేసే చోటే. మూడు నెలల్లోపు జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వవచ్చు. రాయడం రాకపోతే రాసిపెట్టే బాధ్యత కూడా ఆ కమిటీదే.

ఆయాను పెట్టుకున్న ఇంటివారికి ఒక మనవి. రోగిని జరిపే వేళ మీరూ ఒక చెయ్యి వేయండి. ఎత్తు మార్చుకునే ఆసుపత్రి మంచం అద్దెకు దొరుకుతుందేమో కనుక్కోండి. వేళకు భోజనం, కాస్త కునుకు, వారానికొక సెలవు ఇవ్వండి. ఇవి దయతో చేసే దానాలు కావు. ఆమె నడుము పడిపోతే మీ అమ్మను తిప్పేవారెవరు?

‘తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం’ అని మన పెద్దల సామెత. సేవ వద్దని దాని అర్థం కాదు. సేవ చేసే మనిషి నిలబడితేనే సేవ నిలుస్తుందని. ఆ పాప తల్లికి దుప్పటి సంగతి చెప్పాను. ‘ఇంటివాళ్లను చెయ్యి వేయమంటే ఏమనుకుంటారో’ అని సందేహించింది. అడగమన్నాను. మీరూ అడగండి.