పాటల పెట్టెలో ‘గుంయ్’ రొద
ఎర్త్ పిన్ను విరిస్తే ప్రాణానికే ముప్పు

మాదాపూర్: సైబరాబాద్ అపార్టుమెంట్లలోని ఖరీదైన హైఫై సెట్లకూ, చేవెళ్ళ వైపు పల్లెల్లో రామాలయం మైకు సెట్టుకూ పట్టే జబ్బు ఒకటే. స్విచ్చి వేయగానే స్పీకర్లలో ‘గుంయ్’మని రొద మొదలవుతుంది. పాట పెట్టినా వినిపిస్తుంది, ఆపినా వినిపిస్తుంది. సెట్టు చెడిందని షాపుకు మోసుకెళితే అక్కడ శుభ్రంగా మోగుతుంది. ఇంటికి తెస్తే మళ్ళీ మామూలే. విసిగిపోయిన కొందరు ఎవరో చెప్పిన చిట్కా పట్టుకుని ప్లగ్గులో పైన ఉండే లావుపాటి ఎర్త్ పిన్నును విరిచేస్తారు. రొద ఆగుతుంది. అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది.

మన ఇళ్ళకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. స్పీకర్లో వినిపించేది ఆ ఊపే. అది పాటలోకి ఎలా దూరింది? యాంప్లిఫయరు ఒక ప్లగ్గులో ఉంటుంది. టీవీయో, కంప్యూటరో మరో చోట మరో ప్లగ్గులో ఉంటుంది. రెండింటికీ చెరొక దారిలో ఎర్త్ అందుతుంది. రెండింటినీ కలుపుతూ పాట మోసే సన్నవైరు ఒకటి ఉంటుంది. ఇవన్నీ కలిసి ఒక చుట్టు అవుతాయి. రెండు కాలువల్లో నీటిమట్టం ఒకటిగా లేనప్పుడు మధ్య గట్టుకు గండి పెడితే నీరు ఎత్తు నుంచి పల్లానికి పారుతుంది కదా. ఇక్కడా అంతే. రెండు ఎర్తుల మధ్య ఏ కాస్త తేడా ఉన్నా సన్నవైరు పైఅల్లిక గుండా కరెంటు పారుతుంది. ఆ తేడా వోల్టులో వెయ్యోవంతులే కావచ్చు. యాంప్లిఫయరుకు మంచీ చెడూ తెలియదు. వచ్చినదాన్ని వచ్చినట్టు పెంచి వినిపిస్తుంది.

రాతినేల చిక్కు

ఇక్కడి నేల సంగతి కూడా చెప్పుకోవాలి. మాదాపూర్‌లో 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తర్వాత చుట్టూ అద్దాల మేడలు లేచాయి. కింద ఉన్నది మాత్రం సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైటు. ఖాజాగూడ గుట్టలను చూస్తే ఈ నేల ఎలాంటిదో తెలుస్తుంది. నల్లరేగడి తేమను పట్టి ఉంచుతుంది, కరెంటును సులువుగా భూమిలోకి పోనిస్తుంది. రాయి పోనివ్వదు. గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు పొరలుగా పోసి, ఇనుప గొట్టమో రాగి పలకో దించినా, ఎండాకాలం తేమ ఆరిపోతే ఆ ఎర్తింగు బలం తగ్గుతుంది. పక్కపక్కనే తవ్విన రెండు గుంతలు కూడా ఒక్క తీరుగా పనిచేయవు.

అందువల్ల ‘మ్యూజిక్ సెట్టుకు విడిగా ఎర్త్’ అంటూ కొత్త గుంత తవ్వించి, ఇంటి ఎర్తుతో కలపకుండా వదిలేయడం దండగ ఖర్చు. రెండు ఎర్తుల మధ్య తేడా పెరిగి రొద ఎక్కువైనా ఆశ్చర్యం లేదు. ప్రమాదం కూడా ఉంది. గుంత అడ్డు 5 ఓములైతే, లోపల తీగ తెగి పెట్టెకు తగిలినప్పుడు 230 వోల్టుల మీద 46 ఆంపియర్లు పారి 16 ఆంపియర్ల బ్రేకరు పడిపోతుంది. అదే అడ్డు 25 ఓములైతే పారేది 9 ఆంపియర్లే. బ్రేకరు కదలదు. సెట్టు ఇనుప పెట్టె మీద కరెంటు అలాగే నిలిచి ఉంటుంది.

అందుకే మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే పడిపోయే ఆర్‌సీసీబీ ఉండాలి. అది ఉందికదా అని పిన్ను విరవడం మళ్ళీ తప్పే. ఎర్త్ ఉంటే మనిషి తాకకముందే అది పడిపోతుంది. పిన్ను లేకపోతే మనిషి తాకి, కరెంటు ఒంట్లోంచి పారాకే పడుతుంది.

రొద ఎక్కడిదో పట్టుకోవడం

ముందుగా యాంప్లిఫయరుకు వచ్చే పాట వైర్లన్నీ ఊడదీయాలి. అయినా రొద ఉంటే జబ్బు సెట్టు లోపలిదే. పాత సెట్లలో కెపాసిటర్లు ఎండిపోయి ఇలా అవుతుంది, మెకానిక్కు చూపించాలి. రొద ఆగితే వైర్లను ఒక్కొక్కటిగా తగిలించి చూడాలి. చాలాసార్లు దొంగ కేబుల్ టీవీ వైరే. వీధి స్తంభం మీదుగా వచ్చే ఆ వైరు పైఅల్లిక తనతోపాటు మరో ఎర్తును ఇంట్లోకి మోసుకొస్తుంది. దానికి ఐసొలేటర్ అనే చిన్న ముక్క తగిలిస్తే చాలు.

ఐటీ ఉద్యోగుల ఇళ్ళలో రెండో దొంగ లాప్‌టాప్. చార్జరు పీకి బ్యాటరీ మీద నడిపితే రొద ఆగిందంటే దారి దొరికినట్టే. పాట వైరు మధ్యలో ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. బ్లూటూత్‌తో పాట పంపితే మధ్యలో తీగే లేదు కనుక చుట్టూ లేదు.

వీటన్నిటికంటే ముందు పైసా ఖర్చు లేని పని ఒకటుంది. సెట్టుకు సంబంధించిన ప్లగ్గులన్నీ ఒకే బోర్డులో పెట్టాలి. సగం ఇళ్ళలో జబ్బు ఇక్కడితో కుదిరినా కుదరవచ్చు. గ్రామఫోను రికార్డులు వినేవారు మరొకటి చూసుకోవాలి. రికార్డు ముల్లు ఇచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులే. ఆ యంత్రం నుంచి వచ్చే సన్నని ఎర్త్ తీగను యాంప్లిఫయరు వెనక మరకు బిగించకపోతే పాట కంటే రొదే పెద్దగా వినిపిస్తుంది. రొద కాకుండా ‘జర్’మని గీరినట్టు వస్తుంటే ఎర్తును అనుమానించే ముందు ఫ్యాన్ రెగ్యులేటరునూ, ఎల్‌ఈడీ దీపాలనూ ఆపి చూడాలి.

గుడి మైకుకూ ఇదే వైద్యం. మిక్సరుకు ఒక ఇంటి లైను, యాంప్లిఫయరుకు గుడి లైను వాడితే రొద రావడం సహజం. రెండింటికీ ఒకే బోర్డు నుంచి మూడు తీగల ఎక్స్‌టెన్షన్ లాగాలి. గచ్చు కడిగి ఇంకా తడి ఆరకముందే, చెప్పుల్లేని కాళ్ళతో నిలబడి ఇనుప మైకు పట్టుకునేవారు భజన చేసేవారే కనుక, అక్కడ రెండు పిన్నుల ప్లగ్గు పెట్టనివ్వకూడదు. శ్రీరామనవమి వచ్చేది ఎండల్లోనే. పందిరి వేసే ముందే వైర్‌మన్ చేత ఎర్త్ కొలిపించి, గుంత ఎండి ఉంటే రెండు మూడు బిందెల నీళ్ళు పోయించాలి.