పట్టకు చేటు నీళ్ళు లేనప్పుడే

చౌటుప్పల్ చుట్టుపక్కల చల్కా నేలలో కుంట తవ్వితే వాననీళ్ళు ఎక్కువ రోజులు నిలవవు. పైన ఇసుక పాలెక్కువున్న ఎర్రమట్టి, కింద మొరం. ఇంకిన నీరు వృథా ఏమీ కాదు. ఫ్లోరైడ్ సమస్య ఉన్న ఈ ప్రాంతంలో వాననీరు ఎంత ఇంకితే భూగర్భజలం అంత పలుచబడుతుంది. అందుకని ప్రతి కుంటకూ ప్లాస్టిక్ పట్ట వేయక్కర్లేదు. బత్తాయి తోటకు ఎండాకాలం డ్రిప్పుతో అందించే నీళ్ళు దాచుకోవాలంటే మాత్రం వేయాల్సిందే. ఇలాంటి కుంటలకు సాధారణంగా వేసే పాలిథిన్ షీటు మందం 500 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు. ఈత కొలనుల్లో పరిచే వినైల్ లైనరు కూడా ఇంచుమించు అంతే ఉంటుంది.

అంత పల్చని పొర నీళ్ళ బరువును మోయలేదు. మోసేది కింది నేల. మూడు మీటర్ల లోతున ప్రతి చదరపు మీటరు మీదా మూడు టన్నుల బరువు పడుతుంది. అడుగున ఒక్క పలుగురాయి మొన తేలి ఉన్నా ఆ ఒత్తిడికి షీటును పొడిచేస్తుంది. పాత షీటు తీసి కొత్తది వేసేటప్పుడు అసలు పని నేల మీదే ఉంది. రాళ్ళు, వేళ్ళు ఏరాలి, జల్లెడ పట్టిన మట్టి పరవాలి, తడిపి దిమ్మిస చేయాలి. తుంగను గడ్డలతో సహా తవ్వి తీయాలి. దాని మొలక సూదిలా పల్చని ప్లాస్టిక్‌ను చీల్చుకుని పైకొస్తుంది.

కొలతలో చాలామంది పొరబడతారు. పైన 20 మీటర్లు, లోతు 3 మీటర్లు, గట్ల వాలు ఒకటికి ఒకటి ఉన్న చదరపు కుంటకు అడుగు 14 మీటర్లు, రెండు వాలులు కలిపి ఎనిమిదిన్నర. అంచున కాలువ తీసి మట్టితో పూడ్చడానికి అటూ ఇటూ ఒక్కో మీటరు కలిపితే దాదాపు పాతిక మీటర్ల షీటు కావాలి. పాలిథిన్ వేడికి బాగా సాగుతుంది. పొద్దున్నకూ మిట్టమధ్యాహ్నానికీ ఇంత పొడవు షీటులో పది సెంటీమీటర్ల దాకా తేడా రావచ్చు. ఎండలో బిగించి లాగి కట్టినది రాత్రికి ముడుచుకుని అతుకుల దగ్గర తెగుతుంది. అందుకే చల్లటి పూట, కాస్త వదులుగా పరవాలి.

నీళ్ళు నిండి ఉన్నంతకాలం షీటు నేలకు అదిమి ఉంటుంది, ఎండ కూడా అంతగా తగలదు. కుంట ఎండిందా, అతినీలలోహిత కిరణాలు నేరుగా పడి ప్లాస్టిక్ పెళుసుబారుతుంది, గాలి దూరి దాన్ని పైకి లేపుతుంది, కుక్కలూ పందులూ దిగి గోళ్ళతో చీలుస్తాయి. ఎంత కరువొచ్చినా అడుగున ఒక అడుగు నీళ్ళు వదలడం మేలు. ఈత కొలనుకూ ఇదే వర్తిస్తుంది. శుభ్రం చేద్దామని పూర్తిగా తోడేస్తే పాత వినైల్ ముడుచుకుంటుంది, తిరిగి నింపేటప్పుడు మూలల్లో చిరుగుతుంది. దానికి మెత్తదనాన్నిచ్చే రసాయనం ఏళ్ళు గడిచేకొద్దీ కరిగిపోతుంది. క్లోరిన్ పొడిని నేరుగా అడుగున పోస్తే పడ్డచోటల్లా రంగు వెలిసిపోతుంది. బకెట్‌లో కలిపి పోయాలి, పీహెచ్ 7.2కూ 7.6కూ మధ్య ఉంచాలి.

మట్టం తగ్గితే చిల్లే పడిందనుకోనక్కర్లేదు. నడి ఎండల్లో ఆవిరి రూపంలోనే రోజుకు సెంటీమీటరు దాకా పోతుంది. పైన చెప్పిన కుంటలో అది నాలుగు వేల లీటర్లు. ఒక బకెట్‌ను నీళ్ళతో నింపి కుంటలోనే సగానికి పైగా మునిగేలా నిలబెట్టి, లోపలా బయటా గుర్తులు పెట్టండి. బయట ఎక్కువ దిగితేనే చిల్లు. దిగడం ఆగిన మట్టం దగ్గర చుట్టూ వెతికితే చాలాసార్లు అది దొరుకుతుంది. వినైల్‌కు నీటిలో ఉండగానే జిగురుతో అతుకు వేయవచ్చు. పాలిథిన్‌కు మామూలు జిగురు పట్టదు, వేడితో అతికించాలి.

తడిసిన షీటు పాకుడు పట్టి జారుతుంది. ఈత వచ్చినవాళ్ళు కూడా పట్టు దొరక్క పైకి రాలేరు. పిల్లల ప్రాణాలు పోయేది ఇక్కడే. నీళ్ళు వదలకముందే చుట్టూ కంచె వేసి, ముడులు వేసిన తాళ్ళను నాలుగు గట్ల మీదా గట్టి గుంజలకు కట్టి అడుగుదాకా వేలాడదీయాలి. షీటు మార్చిన ప్రతిసారీ ఆ తాళ్ళనూ మార్చాలి.