బండి కింద పడుకుంటేనే కనిపించే పైపు

హనుమాన్ జంక్షన్‌లో ఆంజనేయస్వామి గుడి దగ్గర నాలుగు వైపుల బళ్ళూ కలుస్తాయి. ఇటు విజయవాడ, అటు ఏలూరు, ఎగువన నూజివీడు, దిగువన గుడివాడ. మామిడికాయల లోళ్ళు, చేపల లోళ్ళు, వాటి మధ్య పదిహేనేళ్ళు దాటిన కార్లు. కారును ఆపేది డ్రైవరు కాలే అనుకుంటాం. ఆ కాలి బలాన్ని చక్రం దాకా మోసేది మాత్రం 4.75 మిల్లీమీటర్ల లావున్న ఉక్కు పైపు. దాని గోడ మందం 0.7 మిల్లీమీటరు.

తొలి కార్ల బ్రేకులు కడ్డీలతో, తీగలతో పనిచేసేవి. ఒక చక్రం ముందు పట్టేది, ఇంకొకటి ఆలస్యంగా పట్టేది, బండి పక్కకు లాగేది. మూసిన ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలోనే పాస్కల్ చెప్పాడు. ఆ సూత్రంతో నడిచే బ్రేకుకు 1917లో అమెరికాలో మాల్కమ్ లాక్‌హీడ్ పేటెంటు తీసుకున్నాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఈ బ్రేకులతో వచ్చింది. మన అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌వీ లాక్‌హీడ్ బ్రేకులే.

పైపుకు వేరే కథ ఉంది. 1920లలో డెట్రాయిట్‌లో హ్యారీ బండీ కంపెనీ రాగి పూత పూసిన పలచని ఉక్కు పట్టీని చాప చుట్టినట్టు రెండు చుట్లు చుట్టి కొలిమిలో పెట్టింది. రాగి కరిగి రెండు పొరల్నీ అతికించింది. ఆ రెండు పొరల పైపు ఇప్పటికీ కార్ల కింద పాకుతూనే ఉంది.

దాని మీద పడే భారం చూడండి. పెడల్‌ను 30 కిలోల బలంతో తొక్కామనుకుందాం. పెడల్ కడ్డీ దాన్ని ఐదింతలు చేస్తే 150 కిలోలు. ఆ బలంతో ద్రవాన్ని నొక్కే మాస్టర్ సిలిండర్ పిస్టన్ 2 సెంటీమీటర్ల వ్యాసంది అయితే పైపు లోపల చదరపు సెంటీమీటరుకు దాదాపు 48 కిలోల ఒత్తిడి. తొక్కే బలాన్ని పెంచే బూస్టర్ తోడైతే ఇంకా ఎక్కువ. కారు టైరులో మనం కొట్టించే గాలి రెండు కిలోల చిల్లరే.

కొత్త పైపు దీనికి ఎన్నో రెట్లు తట్టుకుంటుంది. ప్రమాదమూ అక్కడే ఉంది. తుప్పు సగం గోడను తినేసినా రోజూ తొక్కే మెత్తని బ్రేకుతో పైపుకు ఏమీ కాదు. పెడల్ గట్టిగానే ఉంటుంది, ఆయిల్ చుక్క కారదు. గేదె అడ్డొచ్చి బలమంతా పెట్టి తొక్కినప్పుడు, పలచబడిన చోట పగులుతుంది. అందుకే పాత బండి గురించి ‘ఇప్పటిదాకా బ్రేకు బాగానే పడుతోంది’ అనే మాటకు నేను విలువ ఇవ్వను. రెండు విడి బ్రేకు లైన్లున్న కార్లలో ఒకటి పోయినా సగం బ్రేకు మిగులుతుంది. కానీ ఆ గేదె ముందు సగం బ్రేకు చాలదు.

తుప్పు ఎక్కువగా పట్టేది పైపును బండి అడుగుకు పట్టి ఉంచే క్లిప్పుల కింద. అక్కడ చేరిన బురద ఆరదు. దాని అడుగున ఆక్సిజన్ తక్కువ, పక్కన ఎక్కువ. ఈ తేడాకే అక్కడ చిన్న విద్యుత్ ఘటం తయారై, ఆక్సిజన్ అందని చోటి ఇనుము కరుగుతుంది. ఉప్పు కలిస్తే వేగం పెరుగుతుంది. చలి దేశాల్లో మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లుతారు. 2015లో అమెరికా రహదారి భద్రతా సంస్థ పాత బళ్ళ అడుగుభాగం కడిగించి, బ్రేకు పైపులు చూపించుకోమని యజమానులను హెచ్చరించింది. మనకు మంచు లేదు గానీ బందరు తీరపు గాలి ఉంది, కృత్తివెన్ను, బంటుమిల్లి వైపు ఉప్పునీటి రొయ్యల చెరువుల గట్లున్నాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు బళ్ళు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. ఇంజన్, సీట్లు, వైరింగ్ బాగుచేయించినా, క్లిప్పులు విప్పి కడగని బండిలో ఆ ఒండ్రు ఇంకా పైపును పట్టుకునే ఉంటుంది. పాత కారు కొనేవాళ్ళు ముందు దాన్ని లిఫ్టు ఎక్కించి చూడాలి.

పైపు గుల్లబారితే ఆ ముక్క కోసి మధ్యలో జాయింటు వేయడం నాకు సమ్మతం కాదు. మిగతా క్లిప్పుల కింద ఉన్నదీ అదే వయసు పైపు. లైను మొత్తం మార్చాలి. రాగిలో 10 శాతం నికెల్, కాస్త ఇనుము కలిపిన పైపు దొరికితే మేలు; వోల్వో 1976లోనే దానికి మారింది. అది తుప్పు పట్టదు, చేత్తో వంగుతుంది. ఉత్త రాగి గొట్టం మాత్రం వద్దు. అదురుకు గట్టిపడి చిట్లుతుంది. పైపు చివర మడత పాత పైపుకు ఎలా ఉందో అలాగే ఉండాలి, వేరే రకం మడత వేస్తే నట్టు ఎంత బిగించినా కారుతుంది.

కొత్త లైను వేసి, కొత్త బ్రేక్ ఆయిల్ పోసి, గాలి బుడగలు ఆగేదాకా ఎయిర్ తీశాక, ఇంజన్ ఆన్‌లో ఉంచి ఒకరు పెడల్‌ను బలమంతా పెట్టి నిమిషం సేపు తొక్కి పట్టాలి. మరొకరు ప్రతి జాయింటునూ పొడి గుడ్డతో తుడవాలి. గుడ్డ తడిస్తే ఆ నట్టు విప్పి చివర మడత మళ్ళీ వేయాలి.