చెక్కపని డ్రిల్ ప్రెస్ బల్ల

డ్రిల్ ప్రెస్ అనే నిలువు బెజ్జపు యంత్రపు ఇనుప బల్లమీద, చెక్కపనికి అనువుగా ఉండేటట్లు బిగించుకొనే ప్లైవుడ్ బల్లను '''డ్రిల్ ప్రెస్ బల్ల''' అంటారు. దీనిని సాధారణంగా వడ్రంగులే తమ యంత్రపు కొలతలకు తగినట్లు తయారు చేసుకొంటారు. చెక్కను ఆనించుటకు ఒక ఫెన్స్, అరిగిన తరువాత మార్చుకొనుటకు వీలైన మధ్యపలక ఇందులో ముఖ్య భాగాలు.

== అవసరం ==
సికింద్రాబాదులోని రాంగోపాల్‌పేట్, దాని పక్కనే ఉన్న రాణిగంజ్ ప్రాంతాలు హార్డ్‌వేరు, యంత్ర పరికరాల వ్యాపారానికి పేరొందినవి. ఇటువంటి బజారులలో దొరికే డ్రిల్ ప్రెస్‌లు ప్రధానంగా ఇనుప పనిని దృష్టిలో ఉంచుకొని చేసినవి. 13 మి.మీ. లేక 20 మి.మీ. యంత్రమని అన్నప్పుడు ఆ అంకె ఇనుములో వేయగల బెజ్జపు వ్యాసాన్నే సూచిస్తుంది. వాటి బల్ల కూడా వైస్‌ను బిగించుటకు తగినంత చిన్నదిగా ఉంటుంది.

చెక్కపని వేరు. నాలుగడుగుల అల్మరా తలుపును అంత చిన్న బల్లమీద పెడితే కొన బరువుకు వాలిపోతుంది. బల్ల అడుగున ఉండే ఇనుప పక్కెల వలన క్లాంపు సరిగా పట్టదు. అన్నిటికంటె పెద్ద ఇబ్బంది, బిట్ చెక్కను దాటి బయటకు వచ్చే చోట ఆధారం లేక పీచు చీలిపోవుట. పైనుండి చూచుటకు చక్కగా ఉన్న బెజ్జం అడుగున పెచ్చులూడి ఉండుటకు కారణం ఇదే.

== రూపకల్పన ==
బల్ల ఎడమ కుడులకు 600 నుండి 750 మి.మీ., ముందు వెనుకలకు 350 నుండి 400 మి.మీ. ఉంటే చాలా పనులకు సరిపోతుంది. ఇంతకంటె పెద్దది చేయుట వలన లాభం తక్కువ. వెనుక అంచున స్తంభం కొరకు అర్ధచంద్రాకారపు కోత పెట్టవలెను. బల్లను ఎత్తి దించే హ్యాండిల్ తిరుగుటకు ఆ పక్క కొంత ఖాళీ వదలవలెను. బల్లను పైకి ఎత్తినప్పుడు బిట్‌ను దించే పిడులు ఫెన్స్‌కు తగలకుండా ఉన్నవో లేవో చెక్క కోయకముందే అట్టముక్కతో చూచుకొనుట మంచిది. బల్ల అంతా పూర్తయిన తరువాతనే ఈ సంగతి తెలిసి ఫెన్స్‌ను మళ్ళీ కోయవలసి రావడం తరచు జరిగేదే.

ప్లైవుడ్‌లో ఐ.ఎస్. 303 సాధారణ రకం, ఐ.ఎస్. 710 మెరైన్ రకం. పొడి కార్ఖానాలో మొదటిదే చాలు. ఎమ్.డి.ఎఫ్. మరింత చదునుగా ఉంటుంది కాని, తడి తగిలితే ఉబ్బుతుంది. 18 మి.మీ. పలకమీద 12 మి.మీ. పలకను తెల్లబంకతో అతికించి, రెండు వైపులా సన్‌మైకా వేయవలెను. ఒక్క వైపే వేస్తే రెండు ముఖాలు తేమను వేర్వేరుగా పీల్చుకొని బల్ల వంగుతుంది.

== మధ్యపలక ==
పై పలకలో 100 మి.మీ. చదరపు రంధ్రం, కింది పలకలో దానికంటె చిన్న రంధ్రం కోస్తే అంచు మిగులుతుంది. ఆ అంచుమీద 12 మి.మీ. ముక్క కూర్చుంటుంది. బెజ్జం వేసేటప్పుడు చెక్కకు అడుగున ఆధారమిచ్చేది ఈ ముక్కే. రంధ్రపు కేంద్రం సరిగ్గా బిట్ కిందకు రాకుండా కొంచెం పక్కకు జరిపి కోయుటలో ఒక ఉపాయం ఉన్నది. ముక్కను పావు మలుపు తిప్పిన ప్రతిసారీ బిట్ కింద కొత్త చోటు వస్తుంది. ఆ విధంగా ఒకే ముక్క నాలుగుసార్లు పనికివస్తుంది.

== ఫెన్స్ ==
రెండు పట్టీలను 90 డిగ్రీలలో అతికించి ఫెన్స్ చేస్తారు. కింది అంచున చిన్న కోత తీయవలెను. లేనిచో పొట్టు అక్కడ చేరి చెక్కను ఫెన్స్‌కు ఆననివ్వదు. అల్యూమినియం టి-ట్రాక్ దొరకనిచోట బోల్టు తల జారునట్లు చెక్కలోనే రెండంచెల గాడి తీయవచ్చును. రంపపు బల్లమీద వలె ఇక్కడ ఫెన్స్ బల్ల అంచుకు సమాంతరంగా ఉండనక్కరలేదు. బిట్ కేంద్రానికి, ఫెన్స్‌కు మధ్య దూరమొక్కటే ముఖ్యం. కనుక ఒక కొనను బిగించి రెండవ కొనను జరిపితే కొలత సులభంగా కుదురుతుంది.

అల్మరా తలుపులకు వాడే దాగుడు కబ్జా కొరకు 35 మి.మీ. వ్యాసం గల గుంట కావలెను. గుంట అంచుకు, తలుపు అంచుకు మధ్య 5 మి.మీ. ఉండవలెనంటే ఫెన్స్ నుండి బిట్ కేంద్రం 22.5 మి.మీ. దూరాన ఉండవలెను. ఈ దూరం ఒకసారి కుదిరితే ఇరవై తలుపులకైనా మళ్ళీ గీత గీయనక్కరలేదు. గుంట లోతు సుమారు 13 మి.మీ. కనుక 18 మి.మీ. తలుపులో మిగిలేది 5 మి.మీ. మాత్రమే. లోతు ఆపుడు మరను ముందుగా బిగించనిచో తలుపు పాడగును. ఈ పనికి వాడే ఫార్‌స్ట్‌నర్ బిట్‌కు అమెరికాకు చెందిన బెంజమిన్ ఫార్‌స్ట్‌నర్ 1874లో పేటెంటు పొందాడు. ఆ వ్యాసానికి నిమిషానికి 500 నుండి 700 చుట్ల వేగం చాలు. అంతకు మించితే చెక్క మాడుతుంది.

== బిగింపు, లంబ పరీక్ష ==
బోల్టుల తలలు పై ఉపరితలం కంటె లోతుగా ఉండునట్లు గుంటలు తీసి, ఇనుప బల్ల గాడుల గుండా దించి, అడుగున రెక్కల నట్లు వేయవలెను. ఇనుప పని వచ్చినప్పుడు నూనె, ఇనుప రజను అంటకుండా ఈ బల్లను తీసివేస్తారు.

బిట్‌కు బల్ల లంబంగా లేకపోతే మిగిలిన శ్రమ అంతా వృథా. ఒక్క డిగ్రీ తేడా ఉన్నా 50 మి.మీ. లోతు బెజ్జం అడుగున దాదాపు 0.9 మి.మీ. పక్కకు పోతుంది. పరీక్షకు ఖరీదైన సాధనం అక్కరలేదు. సైకిలు స్పోకును రెండు మలుపులు వంచి చక్‌లో బిగించి, ప్లగ్గు తీసివేసి చేతితో తిప్పితే, దాని కొన చుట్టూ ఒకే విధంగా బల్లను తాకవలెను. ముందు వెనుకలలో తేడా వస్తే ఇనుప బల్లకు, చెక్క బల్లకు మధ్య కాగితపు ముక్కలు పెట్టి సరిచేస్తారు.

== జాగ్రత్తలు ==
పైనుండి చూచినప్పుడు బిట్ గడియారపు ముల్లు దిశలో తిరుగుతుంది. బిట్ చెక్కను పట్టుకొంటే చెక్క కూడా అదే దిశలో తిరగబోతుంది. అందువలన పొడవైన కొనను ఎడమవైపున, ఫెన్స్‌కు గాని స్తంభానికి గాని ఆనించి ఉంచవలెను. అప్పుడు అది పనివానివైపు రాక వెనుకకు ఆగిపోతుంది. చిన్న ముక్కలను చేతితో పట్టరాదు, క్లాంపు వేయవలెను. చేతి తొడుగులు, వదులు చేతుల చొక్కా, చున్నీ, విరబోసిన జుట్టు తిరిగే చక్‌కు చుట్టుకొనగలవు. బిట్ మార్చిన తరువాత చక్ తాళంచెవిని తీసివేసిన పిమ్మటనే యంత్రాన్ని నడపవలెను.