రాళ్ళ మధ్య దాగిన చెరువు

మీర్‌పేట్ పెద్దచెరువును చూడాలంటే గట్టెక్కితే చాలు. మరి 6 కోట్ల 60 లక్షల ఏళ్ళనాటి చెరువును చూడాలంటే?

హైదరాబాదుకు పడమట, వికారాబాదు దగ్గర నస్కల్ అనే ఊరున్నది. ఆ కాలంలో దక్కను నేల నెర్రెలు విచ్చి, లావా పొంగి పారేది. ఒక పొంగు చల్లబడి, మరొకటి వచ్చేలోగా ఎన్నో ఏళ్ళు గడిచేవి. ఆ మధ్యకాలంలో పల్లాల్లో నీళ్ళు నిలిచి చెరువులయ్యాయి. మళ్ళీ లావా వచ్చి ఆ బురదను కప్పేసింది. జాడీలో ఊరగాయలాగా అందులోనివన్నీ భద్రంగా ఉండిపోయాయి!

శాస్త్రజ్ఞులు ఆ మట్టిని నానబెట్టి, సన్నని జల్లెళ్ళలో కడిగి, మిగిలిన రవ్వలను సూక్ష్మదర్శినితో చూశారు. చేపల పళ్ళు, కప్పల ఎముకలు, నత్తగుల్లలు, కారా జాతి నాచుమొక్కల గింజలవంటి కాయలు కనిపించాయి. ఇవి కలిసి ఉన్నాయంటే అది మంచినీటి చెరువన్నమాట.

1988లో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్నీ అనే శాస్త్రజ్ఞులు అక్కడ దొరికిన చిన్న పళ్ళను పరీక్షించి, అవి చుంచెలుకవంటి జంతువువని తెలిపారు. దానికి డెక్కనోలెస్టిస్ అని పేరు పెట్టారు. తరువాత దొరికిన చీలమండ ఎముకలను బట్టి అది చెట్లెక్కేదని తేలింది. చెట్లెక్కే జంతువుంటే గట్టున చెట్లుండాలి కదా!

ఇప్పుడు మన పెద్దచెరువు అడుగున కూడా బురద పేరుకుంటూనే ఉన్నది. మనం విసిరేసిన సంచీ కూడా అందులో చేరుతుంది. ముందుకాలంవాళ్ళు ఆ బురదను జల్లించినప్పుడు చేపల పళ్ళు దొరకాలా, ప్లాస్టిక్ ముక్కలు దొరకాలా? అది మన చేతుల్లోనే ఉన్నది.