దారి తెలిసినవాని వెంట
పాపికొండల యాత్రకు వెళ్లే కుటుంబాలకు, యౌవనస్థులకు

వరికోతలు ముగిసి క్రిస్మస్, సంక్రాంతి సెలవులు వచ్చేసరికి మన రాజోలు దీవిలో ఒక మాట మొదలవుతుంది: "ఈసారి పాపికొండలు వెళ్దామా?" సండేస్కూలు టీచర్లు, యౌవన సమాజంవారు, ఇంటిల్లిపాదీ కలిసిన బంధువులు మనిషికి ఇంత అని వేసుకుని, బస్సు మాట్లాడుకుని బయలుదేరతారు. ఇది మంచిదే. ఏడాది పొడుగునా చేను, చెరువు, కొబ్బరితోట తప్ప వేరే లోకం చూడని తల్లులకు రెండు రోజుల విశ్రాంతి కావాలి. దేవుని చేతిపనిని కళ్లారా చూడడం పిల్లలకు ఒక పాఠమే.

అయితే బయలుదేరే ముందు మనం వేసుకునే ప్రశ్నలు ఏమిటి? టికెట్టు ఎంత, భోజనంలో ఏం పెడతారు, రాత్రి ఎక్కడ పడుకోవాలి అన్నవే. అసలు ప్రశ్న మిగిలిపోతుంది: మనల్ని ఎవరు తీసుకువెళ్తున్నారు? ఆ మనిషికి ఆ దారి తెలుసా? ఈ వ్యాసం ఆ ఒక్క ప్రశ్న గురించే.

మన ఇంటి ముందు నీరే

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం దాటినవారికి గోదావరిని పరిచయం చేయనక్కరలేదు. మన ముందు పారి అంతర్వేది దగ్గర సముద్రంలో కలిసే ఈ వశిష్ఠ నీరు పాపికొండల నడుమ నుంచి వచ్చిందే. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి, 1,465 కిలోమీటర్లు నడిచే ఈ నది తూర్పు కనుమలను చీల్చుకుని వచ్చే చోటే పాపికొండలు. అక్కడినుంచి పోలవరం, రాజమండ్రి మీదుగా ధవళేశ్వరం చేరి, ఆనకట్ట దిగువన గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది.

కాని నది ఒకటే అయినా స్వభావం ఒకటి కాదు. రాజమండ్రి వంతెన కింద కిలోమీటర్ల వెడల్పున పరుచుకునే గోదావరి, కొండల మధ్య కొన్ని వందల గజాలకు కుంచించుకుపోతుంది. వెడల్పు తగ్గినచోట లోతు పెరుగుతుంది, వడి పెరుగుతుంది. మలుపుల దగ్గర సుడులు లేస్తాయి. పైకి అద్దంలా కనిపించే నీటి కింద ఏముందో మనకు తెలియదు. మన రేవు తెలిసినవాడు గనుక కొండగోదావరి కూడా తెలిసినట్టే అని ఎవరూ అనుకోకూడదు.

రాజమండ్రి వైపు నుంచి వెళ్లేవారు బస్సులో రేవు చేరి లాంచీ ఎక్కుతారు. గండి పోచమ్మ గుడి, కొండల ఒడిలోని పల్లెలు, ఇసుక తిన్నెలు దాటుతూ పేరంటాలపల్లి వరకు సాగడం ఒకరోజు యాత్ర. రెండురోజుల యాత్రవారు రాత్రి ఏటి ఒడ్డున వెదురు గుడిసెలలో బస చేసి, మరునాడు తిరిగివస్తారు లేదా భద్రాచలం వైపు సాగుతారు. నీటిమట్టాన్నిబట్టి ఎక్కే రేవు, బస చేసే చోటు మారుతూ ఉంటాయి. చుట్టూ ఉన్నది 2008లో ప్రకటించిన పాపికొండ జాతీయవనం. అందులో పులి ఉంది, అడవిదున్న ఉంది. అక్కడ మనుషులూ ఉన్నారు. కొండరెడ్లు, కోయలు తరతరాలుగా ఆ కొండల బిడ్డలు.

మోషే అడిగిన సహాయం

సంఖ్యాకాండము 10వ అధ్యాయంలో ఒక చిన్న సంగతి ఉంది. చాలామంది చదివి దాటిపోతారు. ఇశ్రాయేలీయులు సీనాయి అరణ్యము నుండి కదులుతున్నారు. పగలు మేఘము వారికి తోడుగా ఉంది. అయినా మోషే, మిద్యానీయుడైన హోబాబును తమతో రమ్మని పిలిచాడు. నేను రాను, నా దేశానికీ నా వారి దగ్గరకూ పోతానని హోబాబు అన్నాడు. మోషే మళ్లీ బతిమాలాడు. ఈ అరణ్యంలో ఎక్కడ దిగాలో నీకు తెలుసు, నీవు మాకు కళ్లవలె ఉండాలి అన్నది అతని మనవి.

ఇక్కడ రెండు సంగతులు గమనించండి. దేవుని నడిపింపు ఉన్నదని మోషే తెలిసినవాని సహాయాన్ని తోసివేయలేదు. రెండవది, హోబాబు కూలివాడు కాడు. అతనికి తన దేశం ఉంది, తన జనం ఉన్నారు. వస్తే అది అతని దయ. దారి చూపేవాని విషయంలో మన మనస్సు ఇలా ఉండాలి.

ఎర్రమట్టి దేశంలో జరిగినది

తెలిసినవానిని తోసిపుచ్చితే ఏమవుతుందో చెప్పడానికి ఆస్ట్రేలియా చరిత్రలో ఒక కథ ఉంది. మన ప్రాంతపు పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు వెళ్లే సిడ్నీ, మెల్బోర్న్ నగరాలు ఆ దేశపు అంచున, సముద్రం దగ్గర ఉన్నాయి. లోపలి భాగమంతా ఎర్రమట్టి, ముళ్లపొదలు, వందల కిలోమీటర్లు ఇల్లు కనిపించని మైదానం. దానిని అక్కడివారు ఔట్‌బ్యాక్ అంటారు.

1860 ఆగస్టు 20న రాబర్ట్ బర్క్ అనే అతని నాయకత్వంలో ఒక పెద్ద బృందం మెల్బోర్న్ నుంచి ఉత్తరపు సముద్రం చేరాలని బయలుదేరింది. టన్నులకొద్దీ సామాను, ఇండియా నుంచి తెప్పించిన ఒంటెలు వెంట ఉన్నాయి. లేనిదల్లా ఆ నేల తెలిసిన మనిషి. బర్క్, అతని సహచరుడు విల్స్, మరి ఇద్దరు ఉత్తరపు తీరం దగ్గరదాకా వెళ్లారు. తిరిగివస్తూ ఒకడు దారిలోనే చనిపోగా, మిగిలిన ముగ్గురు కూపర్ క్రీక్ అనే వాగు దగ్గర చిక్కుబడ్డారు. అక్కడ యాండ్రువాండ అనే ఆదివాసులు సుఖంగా బ్రతుకుతున్నారు. వారు చేపలు ఇచ్చారు, నార్డూ అనే మొక్క గింజలతో రొట్టె పెట్టారు. కాని బర్క్ వారిని నమ్మలేదు. చేపలు తెచ్చినవారిని తుపాకి పేల్చి బెదరగొట్టాడు. ఆ గింజలను ఎలా శుద్ధిచేయాలో సరిగా నేర్చుకోకుండా తినడంవల్ల దేహం శుష్కించిపోయింది. 1861లో బర్క్, విల్స్ ఇద్దరూ ఆ వాగు ఒడ్డునే మరణించారు. జాన్ కింగ్ అనే ఒక్కడు మాత్రం ఆదివాసుల దగ్గరకు వెళ్లి, వారి మధ్య బ్రతికి, వెదకడానికి వచ్చినవారికి సెప్టెంబరులో దొరికాడు. నలుగురిలో ప్రాణంతో మిగిలినవాడు, తనకు తెలియదని ఒప్పుకున్నవాడే.

నేడు అదే ఔట్‌బ్యాక్‌కు మూడు రోజులు, ఐదు రోజులు యాత్రలు నడుస్తున్నాయి. ఆలిస్ స్ప్రింగ్స్ అనే ఊరినుంచి ఉలురు అనే ఎర్రని ఏకశిల సుమారు 450 కిలోమీటర్లు. తీసుకువెళ్లే గైడు ఎంత నీరు త్రాగాలో, ఎప్పుడు నడవాలో చెబుతాడు. బండి ఆగిపోతే దానిని విడిచి పోకూడదన్నది అక్కడి మొదటి పాఠం. ఆ ప్రాంతంలోనే 'వ్యాలీ ఆఫ్ ది విండ్స్' అనే కొండదారి ఒకటి ఉంది. ఎండ 36 డిగ్రీలకు చేరుతుందని సూచన ఉన్న రోజున ఉదయం 11 గంటలకే ఆ దారి మూసివేస్తారు. ఎంత దూరంనుంచి వచ్చినా, ఎంత డబ్బు కట్టినా మినహాయింపు లేదు.

ఉలురు శిల అనంగు అనే ఆదివాసులకు పవిత్రస్థలం. దానిమీదికి ఎక్కవద్దని వారు ఎన్నో ఏళ్లు యాత్రికులను వేడుకున్నారు. ఎక్కుతూ 30 మందికి పైగా చనిపోయారు కూడా. చివరకు 2019 అక్టోబరు 26న ఎక్కడాన్ని పూర్తిగా నిలిపివేశారు. ఇంటివాడు వద్దన్నచోటికి అతిథి వెళ్లకూడదు గదా! వారి మతం మన మతం కాదని ఈ మర్యాద తప్పదు.

ఈ కొండల దారిన వచ్చినవారు

మన గోదావరి కొండల మధ్యనుంచి విహారానికి కాక పనిమీద వెళ్లినవారూ ఉన్నారు. ఎగువ గోదావరిలో పడవలు నడిపించాలన్న ఆర్థర్ కాటన్ దొర ఆలోచనను అనుసరించి 1860 ప్రాంతంలో హెయిగ్ అనే ఇంజినీరు భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెంలో పని చేయించాడు. పడవల పథకం తర్వాత ఆగిపోయింది. కాని హెయిగ్ ప్రోత్సాహంతో అక్కడ కోయల మధ్య ఒక మిషను మొదలైంది. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ అనే మిషనరీ కోయల మధ్య చాలా ఏళ్లు నివసించి, వారి భాష నేర్చి, వారి ఆచారాలను గురించి వ్రాశాడు. ముందు విన్నాడు, తర్వాత చెప్పాడు. రెండు రోజులకు వెళ్లే మనం అంత చేయలేము. కనీసం వినడం మనకు సాధ్యమే.

కచ్చులూరు చెప్పిన పాఠం

2019 సెప్టెంబరు 15, ఆదివారం మధ్యాహ్నం. దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర 'రాయల్ వశిష్ఠ' అనే పర్యాటకుల బోటు మునిగిపోయింది. ఆ వేళ గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద ఉంది. బోటులో 77 మంది ఉండగా 26 మంది బ్రతికారు. వారిని నీళ్లనుంచి లాగి ఒడ్డుకు చేర్చింది దగ్గరి గిరిజన పల్లెలవారు. తమ చిన్న పడవలతో వడిలోకి దిగి చేతికందినవారిని కాపాడారు. 200 అడుగులకు మించిన లోతున చిక్కుకున్న బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న, అంటే 38వ రోజున, బయటకు తీసింది. యాంత్రిక పరికరాలతో వచ్చినవారెందరో విఫలమైన చోట, నీటిని చిన్నప్పటినుంచి ఎరిగినవారు లంగరు, ఇనుపతాళ్లతో ఆ పని చేశారు.

ఆ తర్వాత బోట్లు నిలిపివేసి, నది వెంట కంట్రోల్ రూములు పెట్టి, 2021లో యాత్రను మళ్లీ అనుమతించారు. నియమాలు వచ్చాయి. కాని నియమాన్ని అడిగి పాటింపజేసుకోవడం మన వంతు. కుటుంబ పెద్దలు, సంఘ పెద్దలు బయలుదేరే ముందు ఈ సంగతులు చూడండి.

1. కాలం: నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి రోజులు. వరద రోజులలో యాత్ర పెట్టుకోవద్దు. భద్రాచలం దగ్గర నీరు 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. అయితే మొదటి హెచ్చరిక రాలేదు గనుక భయం లేదనుకోవద్దు. వరద తీస్తున్న రోజులలోనూ కొండల మధ్య వడి తగ్గదు.

2. బోటు: అనుమతి పత్రం ఉన్నదా, ఎంతమందికి అనుమతి, ఎంతమందిని ఎక్కిస్తున్నారు అని అడగండి. ఎక్కువమంది ఉంటే దిగిపోండి. డబ్బు పోయినా ఫర్వాలేదు.

3. సరంగు: ఈ దారిలో ఎన్నేళ్లుగా నడుపుతున్నాడో అడగండి. అతడు తాగి ఉన్నట్టు కనిపిస్తే ఎక్కవద్దు.

4. లైఫ్ జాకెట్: ప్రతివారికీ ఉండాలి, పిల్లలకు పిల్లల కొలతది ఉండాలి. ఎక్కిన క్షణంనుంచి దిగేదాకా విప్పకూడదు. ఉక్కపోస్తుందని, ఫొటో బాగా రాదని విప్పడం తెలివితక్కువతనం.

5. క్రమం: కొండ కనిపించగానే అందరూ ఒకే ప్రక్కకు పరుగెత్తవద్దు. సరంగు కూర్చోమంటే కూర్చోవాలి. స్నానానికి అతడు చూపిన రేవులోనే దిగాలి. మనకు ఈత వచ్చన్నది కాలువలో మాట.

ఇంటివారి యెడల మర్యాద

చివరిగా ఒక మాట. మనం బోటుమీద నుంచి చూసి మురిసిపోయే పల్లెలలో ఎన్నో పోలవరం ప్రాజెక్టు ముంపులోకి వచ్చేవే. జలాశయపు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు అని నిర్ణయించారు. ఆ మట్టం కిందనున్న ఇళ్లు, పోడు చేలు, చింతచెట్లు, పెద్దల సమాధులు విడిచి కుటుంబాలు పునరావాస కాలనీలకు తరలుతున్నాయి. ఆనకట్ట నీరు వల్ల పంటలు పండించుకున్న కోనసీమవారమైన మనకు ఆనకట్ట విలువ తెలుసు. దానికోసం ఎవరు ఏమి విడిచిపెట్టవలసి వస్తున్నదో కూడా మనకు తెలియాలి.

కనుక ఆ ఒడ్డున దిగినప్పుడు కొండరెడ్డి తల్లి అమ్మే వెదురుబుట్ట దగ్గర బేరాలాడవద్దు. అడగకుండా వారి ఇంటిలోనికి తొంగిచూసి ఫొటోలు తీయవద్దు. ప్లాస్టిక్ సీసాలు, విస్తళ్లు మన సంచిలోనే తిరిగి తెచ్చుకుందాం. ఆ నదిలో పారవేసినది అంతర్వేది చేరకముందు మన రేవుకే వస్తుంది! వీలుంటే ఒక పెద్దాయన దగ్గర కూర్చుని, "ఈ మలుపుకు ఏమి పేరు? ఇక్కడ నీరు ఎందుకు తిరుగుతుంది?" అని పిల్లలచేత అడిగించండి. బడిపుస్తకంలో లేని భూగోళశాస్త్రం అతని నోట ఉంటుంది. అతని పల్లె తరలిపోయిన తర్వాత అది చెప్పేవారు ఉండకపోవచ్చు.

ప్రియ పాఠకులారా, సెలవులకు వెళ్లిరండి. టికెట్టు కొనేముందు, మనలను నడిపేవానికి దారి తెలుసా అని అడగండి. తెలిసినవాడు దొరికితే, అతడు ఆగమన్నచోట ఆగండి.